‘పనాప్టికాన్’ ఆల్బం ఎందుకంత బరువు? అట్మాస్ఫెరిక్ స్లడ్జ్ వెనక లెక్క

క్లుప్తంగా

అమెరికా బ్యాండ్ ఐసిస్ 2004లో విడుదల చేసిన ‘పనాప్టికాన్’, అట్మాస్ఫెరిక్ స్లడ్జ్ మెటల్‌కు, అంటే నిదానంగా సాగే బరువైన గిటార్ మోతకు మెత్తటి భాగాలు కలిపే తరహాకు, నమూనాగా చెప్పుకునే ఆల్బం. విన్నవారిలో కొందరికి గొంతు పూడుకుపోతుంది, మరికొందరికి అది వట్టి రొద. ఈ తేడాకు అభిరుచి ఒక్కటే కారణం కాదు. వినే పరికరానికి, పద్ధతికి అందులో పెద్ద వాటా ఉంది. ఈ సంగీతం మూడింటి మీద నిలబడుతుంది: మంద్రస్థాయి, నిదానపు లయ, మెత్తటి భాగానికీ మోత భాగానికీ మధ్య ఎడం. ఫోన్ స్పీకర్ మొదటిదాన్ని మింగేస్తుంది, షఫుల్ రెండోదాన్ని తుంచేస్తుంది, రోడ్డు రొద మూడోదాన్ని పూడ్చేస్తుంది.

పేరు దగ్గరే చిక్కు

హైదరాబాద్‌లో ఈ ఆల్బం మాట ఎత్తితే మొదటి ఇబ్బంది బ్యాండ్ పేరుతోనే. ఐసిస్ అనేది ఈజిప్టు పురాణాల్లోని దేవత పేరు. బ్యాండ్ 1997లో బోస్టన్‌లో మొదలై 2010లో విడిపోయింది. ఆ తర్వాత నాలుగేళ్లకు అవే అక్షరాలు ఉగ్రవాద ముఠా పేరుగా ప్రపంచమంతా మోగాయి. 2018లో లాస్ ఏంజెలెస్‌లో ఒక సహాయ కచేరీ కోసం సభ్యులు మళ్లీ కలిసినప్పుడు పాత పేరు వాడలేదు; 2000లో వచ్చిన తమ తొలి పూర్తి ఆల్బం ‘సెలెస్టియల్’ పేరుతో వేదిక ఎక్కారు. వెతికేవారు బ్యాండ్ పేరుకు బదులు ఆల్బం పేరు కొట్టడం అన్ని విధాలా మేలు.

రెండో చిక్కు తరహా పేరు. స్లడ్జ్ అంటే చిక్కటి బురద. హుస్సేన్‌సాగర్‌లో పూడిక తీసినప్పుడు పైకొచ్చేది అదే. ఆ బురదకు ‘అట్మాస్ఫెరిక్’, అంటే వాతావరణం పరిచే గుణం తోడైతే ఈ తరహా. దీన్నే పోస్ట్ మెటల్ అని కూడా అంటారు. రెండు పేర్లకూ మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదన ఎన్నటికీ తెగదు, వినేవారికి దానివల్ల ఒరిగేదీ లేదు.

బురద ఎక్కడి నుంచి కదిలింది

మూలం ఒక ఫ్యాక్టరీ ప్రమాదం. బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్‌లో రేకుల కర్మాగారంలో పనిచేస్తున్న టోనీ అయోమీకి 17 ఏళ్ల వయసులో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం గిటారిస్టు కావడంతో తీగలు నొక్కాల్సిన చెయ్యి అదే. తన బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ 1971 నాటి మూడో ఆల్బంలో కొన్ని పాటలకు ఆయన తీగలను మూడు అరస్వరాలు దించి వదులు చేశాడు. వేళ్లకు బాధ తగ్గింది, స్వరం కిందికి దిగింది, బరువు పెరిగింది. తర్వాతి తరాలు ఆ బరువు కోసమే తీగలు దించడం మొదలుపెట్టాయి.

పరుగెత్తే పంక్ వాయించే బ్లాక్ ఫ్లాగ్ 1984లో ‘మై వార్’ రెండో వైపున ఒక్కొక్కటి ఆరు నిమిషాలు దాటే మూడు పాటలు ఉద్దేశపూర్వకంగా ఈడ్చి ఈడ్చి వాయించింది. అభిమానులు తిట్టుకున్నారు. మెల్విన్స్ అనే బ్యాండ్ మాత్రం ఆ వైపునే పట్టుకుని 1987లో తొలి ఆల్బం తెచ్చింది. న్యూ ఆర్లీన్స్ బ్యాండ్లు దానికి ఉక్కపోత, మత్తు, కసి కలిపాయి. అంతవరకు అది స్లడ్జ్.

వాతావరణం తెచ్చింది ఓక్లాండ్‌కు చెందిన న్యూరోసిస్. 1985లో పంక్ బ్యాండ్‌గా మొదలై, 1992 నాటి ‘సోల్స్ ఎట్ జీరో’కు వచ్చేసరికి కీబోర్డులు, రికార్డు చేసిన మాటల ముక్కలు, పొడవైన నిశ్శబ్దాలు చేర్చుకుంది. 1996 నాటి ‘త్రూ సిల్వర్ ఇన్ బ్లడ్’ ఈ తరహాకు పునాదిరాయి. అయితే ఆ ఆల్బంలో ఊపిరి తీసుకునే చోటు తక్కువ. ఆ చోటును ఐసిస్ కల్పించింది. 2002 నాటి ‘ఓషియానిక్’లో, అంతకన్నా స్పష్టంగా రెండేళ్ల తర్వాతి ‘పనాప్టికాన్’లో మోత, మెత్తదనం సమాన హక్కుదారులయ్యాయి. స్వీడన్‌లో కల్ట్ ఆఫ్ లూనా, బెల్జియంలో అమెన్రా అదే దారిని తమ వైపు తిప్పుకున్నాయి. మన దేశంలో ముంబయి బ్యాండ్ డర్జ్ 2018లో మాయా నాగరికత మృత్యుదేవుడి మీద ‘అహ్ పూచ్’ తెచ్చింది. హైదరాబాద్ పేరు మెటల్ పటం మీద పెట్టిన గాడ్‌లెస్ దారి వేరు. అది వేగం మీద నడిచే డెత్ మెటల్.

ఏడు పాటలు, 59 నిమిషాలు

పనాప్టికాన్ 18వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్ తత్వవేత్త జెరెమీ బెంథామ్ వేసిన జైలు నమూనా. గుండ్రటి భవనం చుట్టూ గదులు, నడుమ ఒక బురుజు. బురుజులో కాపలావాడు ఉన్నాడో లేడో ఖైదీకి కనిపించదు. కాబట్టి కాపలావాడు ఎప్పుడూ ఉన్నాడనుకునే ఖైదీ బతుకుతాడు. 1975లో ఫ్రెంచి తత్వవేత్త మిషెల్ ఫూకో దీన్నే ఆధునిక సమాజానికి ఉపమానంగా తీసుకున్నాడు. అండమాన్‌లోని సెల్యులర్ జైలు నడిమి బురుజు, దాని నుంచి చీలిన ఏడు రెక్కలు ఆ ఆలోచనకు మనకు దగ్గరి సాక్ష్యం. (ఆల్బంలోనూ ఏడే పాటలు. కాకతాళీయమే.)

ఆ ఏడింటి మొత్తం నిడివి 59 నిమిషాలు. అతి చిన్న పాట ‘విల్స్ డిజాల్వ్’ ఆరు నిమిషాల 47 సెకన్లు, అతి పెద్దది ‘ఆల్టర్డ్ కోర్స్’ పది నిమిషాలకు నాలుగు సెకన్లు తక్కువ. సగటున ఒక్కో పాటా మన సినిమా పాటలు రెండింటి పెట్టు.

మొదటి పాట ‘సో డిడ్ వి’ ఏ మొహమాటమూ లేకుండా గోడ కూలినట్టు మొదలై, తర్వాత చల్లబడుతుంది. ఇది ఈ తరహా రివాజుకు తలకిందులు. మామూలుగా మెత్తగా మొదలై పైకి పోతారు. మోత ఎంత పెద్దదో మొదటి సెకనులోనే చెవికి తెలిసిపోవడంతో, ఆ తర్వాత వచ్చే ప్రతి మెత్తటి భాగమూ ‘మళ్లీ ఎప్పుడు?’ అన్న ప్రశ్నతో వినబడుతుంది. ఖైదీ బురుజు వైపు చూడటం ఇలాంటిదే. ఆల్బం విషయం మాటల కన్నా ఈ అమరికలోనే ఎక్కువ ఉంది.

మూడో పాట ‘ఇన్ ఫిక్షన్’ అందుకు ఎదురు దారి. బాస్ గిటార్, దాని మీద నీళ్లలా పరుచుకునే ఎలక్ట్రానిక్ ధ్వనులతో నెమ్మదిగా మొదలై పొర మీద పొర ఎక్కుతుంది. ఇక్కడ గమనించాల్సింది జెఫ్ కాక్సైడ్ బాస్. చాలా మెటల్ బ్యాండ్లలో బాస్ అనేది మిగతా గిటార్లకు నీడలా నడుస్తుంది. ఇక్కడ రాగం మోసేది అదే. మూడు గిటార్లు దాని చుట్టూ గాలిలా కదులుతాయి. ‘ఆల్టర్డ్ కోర్స్’లో టూల్ బ్యాండ్‌కు చెందిన జస్టిన్ ఛాన్సలర్ మరో బాస్ కలపడం కూడా అందుకే పొసిగింది.

ఎముకకు తగిలే స్వరం

మామూలు శ్రుతిలో గిటార్ అట్టడుగు తీగ, అంటే ఇ స్వరం, 82.4 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర మోగుతుంది. ఈ తరహా బ్యాండ్లు దాన్ని సాధారణంగా సి (65.4), బి (61.7), ఒక్కోసారి ఎ (55) దాకా దించుతాయి. బాస్ గిటార్ దానికి మరో స్థాయి కింద, బి అయితే 30.9 హెర్ట్జ్. మనిషి చెవి వినగల అట్టడుగు హద్దు సుమారు 20. అక్కడ స్వరం సగం చెవికి, సగం ఛాతీకి తెలుస్తుంది.

గిటారిస్టులు ఈ లోతులో మూడో స్వరాన్ని వదిలేసి మూలస్వరం, పంచమం మాత్రమే ఎందుకు పట్టుకుంటారన్నదానికి లెక్క ఉంది. డిస్టార్షన్ (గిటార్ ధ్వనిని కావాలని గరుకు చేసే పెడల్) గుండా రెండు స్వరాలు పంపితే వాటి తేడా కూడా కొత్త స్వరంగా పుడుతుంది. బి 61.7, దాని పంచమం 92.5, తేడా 30.8, అంటే అదే బి ఒక స్థాయి కింద. ఎవరూ వాయించని మంద్రం దానంతటదే పుడుతుంది. మూలస్వరంతో అంతర గాంధారం (77.8) కలిపితే తేడా 16. అది ఏ స్వరానికీ చెందని గరగర, డీజిల్ ఆటో ఆగి ఉన్నప్పటి వణుకులాంటిది.

ఈ లోతు మనిషిని కదిలిస్తుందనడానికి ఆధారం ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో ప్రచురించిన ప్రయోగంలో, నిజమైన ఎలక్ట్రానిక్ సంగీత కచేరీ నడుస్తుండగా 8 నుంచి 37 హెర్ట్జ్ మధ్య ధ్వనిచ్చే స్పీకర్లను రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ ఆపుతూ పోయారు. అవి పనిచేస్తున్నప్పుడు జనం కదలిక 11.8 శాతం పెరిగింది. అవి మోగుతున్నాయో లేదో జనం గుర్తుపట్టలేకపోయారు. అది వేరే తరహా సంగీతం, ఆ ఫలితాన్ని స్లడ్జ్‌కు యథాతథంగా అంటగట్టలేం. కానీ చెవికి ప్రత్యేకంగా అందని ధ్వనికి కూడా శరీరం జవాబిస్తుందన్న సంగతి ఇక్కడికి పనికొస్తుంది.

చౌకంలో ఏముంది

జనానికి సహజంగా నప్పే తాళపు ఎడం సుమారు 500 నుంచి 600 మిల్లీసెకన్లు, అంటే నిమిషానికి 100 నుంచి 120 దెబ్బలు. స్లడ్జ్ తరచు 60, 70 దగ్గర నడుస్తుంది. నిమిషానికి 65 అంటే దెబ్బకూ దెబ్బకూ 923 మిల్లీసెకన్లు. ఆ ఖాళీలో మనసు ఊరుకోదు; తర్వాతి దెబ్బను ముందే ఊహించి దానికోసం ఒళ్లు బిగబట్టి కూర్చుంటుంది. దెబ్బ పడగానే ఆ బిగువు వదులవుతుంది. ఇది పాట పొడవునా వందలసార్లు జరిగే చిన్న పని. ఇదే పెద్ద ఎత్తున, మెత్తటి నాలుగు నిమిషాల తర్వాత మోత వచ్చినప్పుడు ఒకేసారి జరుగుతుంది.

మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం 2011లో చూపింది ఇదే: ఇష్టమైన సంగీతంలో ఒళ్లు గగుర్పొడిచే ఘట్టం కోసం ఎదురుచూసేటప్పుడే మెదడులో డోపమిన్ అనే రసాయనం విడుదల మొదలవుతుంది. ఎదురుచూపుకు ఒక చోట, ఘట్టానికి మరో చోట. ఎదురుచూపును కోసేస్తే మొదటి వాటా పోతుంది. ‘మోత వచ్చే చోటు’ నుంచి 30 సెకన్లు మాత్రమే వినే రీల్స్ యుగంలో ఈ ఆల్బం ఎందుకు చప్పగా తోస్తుందో ఇక్కడ తేలిపోతుంది.

తెలుగు చెవికి ఈ నిదానం కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలను చౌక కాలంలోనే, అంటే నిదానపు నడకలోనే పాడాలని సంప్రదాయం పట్టుబడుతుంది. పదం వేగం పెరిగితే విరహం కాస్తా కబురైపోతుంది. మాటకూ మాటకూ నడుమ గాయని నిలిపే ఆ సాగదీతలోనే నాయిక ఎదురుచూపు ఉంటుంది. శ్రుతిపెట్టె మోత, గిటార్ ఫీడ్‌బ్యాక్ మోత చేసేది కూడా ఒకే పని: కాలు మోపడానికి నేల ఇవ్వడం. పోలిక ఇక్కడితో ఆగుతుంది. పదంలో మనోధర్మం ఉంది, గమకం ఉంది. ఐసిస్ పాటలో రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ పలుకు) పదహారు సార్లూ అదే రిఫ్. మారేది దాని చుట్టూ ఉన్న పొరలు మాత్రమే.

మాట అందని అరుపు

కొత్తవారు మొదట జారుకునేది ఐసిస్ గాయకుడు ఆరన్ టర్నర్ గొంతు దగ్గర. ఈ గర్జన మామూలు స్వరతంతువులతో పాటు, వాటికి పైన ఉండే మడతలు కూడా అదరడం వల్ల పుట్టే రకం. 2015లో వచ్చిన ఒక అధ్యయనం మనిషి అరుపులో 30 నుంచి 150 హెర్ట్జ్ మధ్య ధ్వని తీవ్రత వేగంగా ఎక్కిదిగే గరుకుతనం ఉంటుందనీ, మాటల్లో ఆ పట్టీ దాదాపు ఖాళీగా ఉంటుందనీ తేల్చింది. ఆ గరుకుతనం మెదడులో భయానికి సంబంధించిన అమిగ్డలాను కదిపింది. అంటే గర్జన వినగానే ఉలికిపడటం వినేవారి చేతకానితనం కాదు, అరుపు చేయాల్సిన పనే అది.

మరి అది ఓదార్పుగా ఎలా మారుతుంది? అరుపు తాళంలో కట్టుబడి వస్తుంది కాబట్టి. ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో రెండోసారి వినేసరికి తెలిసిపోతుంది. ప్రమాదఘంటిక మోగుతుంది, ప్రమాదం రాదు. పైగా మాటలు అర్థం కావు. ఇంగ్లిష్ రాకపోవడం ఇక్కడ అడ్డం కాదు. బోస్టన్ వాడికీ చాలా మాటలు అందవు. కథ తెలియదు కాబట్టి ఆ దుఃఖం ఏ ఒక్క మనిషిదీ కాకుండా పోయి, వినేవారు తమది అందులో పోసుకునే వీలు కలుగుతుంది. రసం గురించి చెప్పిన ఆలంకారికులు దీన్నే సాధారణీకరణం అన్నారు.

‘ఇలాంటి సంగీతం కోపం పెంచుతుంది’ అన్న మాట మీద కూడా ఒక పరీక్ష జరిగింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2015లో 18 నుంచి 34 ఏళ్ల మధ్య ఉన్న 39 మంది శ్రోతలకు ముందుగా కోపం తెప్పించి, కొందరికి పది నిమిషాలు తాము ఎంచుకున్న సంగీతం, కొందరికి నిశ్శబ్దం ఇచ్చింది. కోపం రెండు గుంపుల్లోనూ దిగింది. సంగీతం విన్నవారిలో ఉత్సాహం పెరిగింది. అయితే వాళ్లంతా అప్పటికే ఆ సంగీతానికి అలవాటుపడినవాళ్లు. పక్కింటి పెద్దాయనకు అదే ఫలితం వస్తుందని ఈ పరీక్ష చెప్పదు.

అలావ చుట్టూ

అందరూ కలిసి మోసే దుఃఖానికి లయ ఎందుకు కావాలన్నది హైదరాబాద్‌కు కొత్తగా నేర్పాల్సిన సంగతి కాదు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా సాగే బీబీ కా అలమ్ ఊరేగింపులో నోహాలకు, అంటే శోకగీతాలకు, వాద్యం ఉండదు. గుండె మీద పడే చేతులే తాళం. ఒకే పాదం మళ్లీ మళ్లీ తిరుగుతుంది, గొంతులు కలిసేకొద్దీ బరువెక్కుతుంది. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ నాడు అలావ (నిప్పుల గుండం) చుట్టూ తిరుగుతూ హసన్ హుసేన్‌ల కథను తెలుగులో పాడే పాటల నడక కూడా ఇదే. మతాచారాన్ని, టికెట్ కొని వెళ్లే కచేరీని ఒక గాటన కట్టడం తప్పు. వాటి ఉద్దేశాలు వేరు, పవిత్రత వేరు. పోలిక యంత్రాంగం వరకే: నిదానపు దెబ్బ, మారని పాదం, ఛాతీకి తగిలే ధ్వని, ఒంటరిగా మోయనక్కర్లేని శోకం.

కెమెరాల నగరంలో

ఆల్బం పేరు 2004లో అమెరికాలో ఒక రకంగా మోగింది; 2001 దాడుల తర్వాతి నిఘా చట్టాల కాలం అది. ఇవాళ హైదరాబాద్‌లో మరో రకంగా మోగుతుంది. వీధి కెమెరాల కోసం కాలనీలను, వ్యాపారులను కలుపుకుని నగర పోలీసులు నడిపిన పథకం పేరు ‘నేను సైతం’. శ్రీశ్రీ పలుకు కెమెరా స్తంభం ఎక్కడం విచిత్రమే. బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లోని కమాండ్ కంట్రోల్ సెంటర్ 2022 ఆగస్టులో మొదలైంది. భద్రత, గోప్యతల తగవు ఈ వ్యాసం పరిధిలోది కాదు. కానీ కూడలిలో కెమెరా కింద హెల్మెట్ సర్దుకునే చెయ్యికి బెంథామ్ బురుజు గురించి వేరే చెప్పక్కర్లేదు.

ఇక్కడ వింటే ఎక్కడ చెడుతుంది

ఫోన్ స్పీకర్ సుమారు 300 హెర్ట్జ్ కింద దాదాపు ఏమీ ఇవ్వదు. బాస్ 31 దగ్గర, గిటార్ 62 దగ్గర ఉన్న పాటలో మిగిలేది పై పొరల గీకుడు. పై పొరలను బట్టి మూలస్వరాన్ని మెదడు ఊహించుకోగలదు కాబట్టి రాగం తెలుస్తుంది, బరువు తెలియదు. ‘రొద’ అన్న తీర్పుల్లో చాలావరకు ఇక్కడ పుట్టినవే.

మెట్రోలోనో, ఎల్బీనగర్ బస్సులోనో మామూలు ఇయర్‌ఫోన్లతో వింటే మరో నష్టం. మెత్తటి భాగం బయటి రొదలో మునిగిపోతుంది, చెయ్యి వాల్యూమ్ పెంచుతుంది, మోత రాగానే చెవి చిల్లుపడుతుంది, చెయ్యి తగ్గిస్తుంది. ఇలా రెండుసార్లు జరిగితే వినేవారే ఆల్బంలోని ఎడాన్ని చేత్తో చదును చేసినట్టు. చెవిని బిగుతుగా మూసే రకం ఇయర్‌ఫోన్లు వాడటం, వాల్యూమ్ ఒకసారి పెట్టి ముట్టకపోవడం దీనికి విరుగుడు. ఎంత పెట్టాలన్నది మోత భాగంతో చూసి నిర్ణయించాలి, మెత్తటి భాగంతో కాదు. మొదటి పాట మోతతో మొదలవుతుంది కాబట్టి ఈ ఆల్బంలో ఆ పని సులువు. మరీ తగ్గించినా లాభం లేదు. తక్కువ స్థాయిలో చెవి ముందుగా పోగొట్టుకునేది మంద్రాన్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ వారానికి 40 గంటల వరకు పెద్దలకు క్షేమం. 59 నిమిషాల ఆల్బంకు ఆ హద్దు ధారాళంగా సరిపోతుంది.

స్పాటిఫైలో పాటల స్థాయిని సమం చేసే అమరిక మామూలుగా పెట్టే ఉంటుంది. ఆల్బంగా వరసలో వింటే పాటల మధ్య తేడాను అది ఉన్నదున్నట్టు ఉంచుతుంది. ప్లేలిస్టులోనో షఫుల్‌లోనో పడితే ఒక్కో పాటను విడిగా తూచి సమం చేస్తుంది. క్రాస్‌ఫేడ్ కూడా తీసేయాలి. లేకపోతే ఒక పాట తోక మీద మరో పాట తల ఎక్కుతుంది.

ఇంట్లో స్పీకర్లుంటే గదే వాద్యమవుతుంది. ఎదురెదురు గోడల దూరం 9 అడుగులైతే 63 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగులైతే 57 దగ్గర, 12 అడుగులైతే 48 దగ్గర గది తనంతట తాను గూంకరిస్తుంది. అపార్ట్‌మెంట్ పడకగదులు ఎక్కువగా ఈ కొలతల్లోవే. 9 అడుగుల గదిలో బి శ్రుతిలోని పాట పెడితే ఒక్క మూలస్వరం మాత్రం మిగతావాటిని తొక్కేసి ఊగుతుంది, కిటికీ అద్దాలు గిలగిలలాడతాయి. స్పీకర్‌ను గోడకూ మూలకూ ఆనించి పెట్టకుండా రెండడుగులు ముందుకు జరపడం, కుర్చీని గది సరిగ్గా మధ్యలోనూ వెనక గోడకు ఆనించీ వేయకుండా గది పొడవులో మూడో వంతు దగ్గర వేయడం ఖర్చు లేని మందు. పరుపు ఉన్న గది హాలు కన్నా నయం, అయినా పరుపు పై స్వరాలను తాగినంతగా మంద్రాన్ని తాగదు.

జామ్ రూమ్‌లో

వాయించాలనుకునేవారికి మొదటి దెబ్బ తీగల దగ్గర తగులుతుంది. 10–46 తీగల సెట్టున్న (అంకెలు తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) గిటార్‌లో అట్టడుగు తీగను ఇ నుంచి బి దాకా దించితే బిగువు 56 శాతానికి పడిపోతుంది. సుమారు 8 కిలోల లాగుడు నాలుగున్నర కిలోలవుతుంది. గట్టిగా కొట్టిన ప్రతిసారీ స్వరం మొదట పైకి ఎగిరి తర్వాత దిగుతుంది. ముగ్గురు గిటారిస్టులు అలా కొడితే ముగ్గురివీ మూడు శ్రుతులు. పాత బిగువు తిరిగి రావాలంటే ఆ తీగ 60 నుంచి 62 మందం ఉండాలి. లావు తీగ పాత నట్ (గిటార్ మెడ కొసన తీగలు ఆనే పట్టీ) గాడిలో కూర్చోదు, బలవంతంగా కూర్చోబెడితే ఇరుక్కుని శ్రుతి చేస్తున్నప్పుడు టిక్కుమని జారుతుంది. గాడిని సన్నటి ఆకురాయితో వెడల్పు చేయాలి తప్ప లోతు చేయకూడదు; లోతైతే వట్టి తీగ ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కడ్డీల) మీద గరగరలాడుతుంది. తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర నొక్కిన స్వరాన్ని అక్కడి హార్మోనిక్‌తో (నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరంతో) పోల్చి, నొక్కినది ఎక్కువగా ఉంటే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్‌ను వెనక్కి జరపాలి. మే నెలలో బయట 40 డిగ్రీల నుంచి ఏసీ గదిలోకి తెచ్చిన గిటార్‌ను వెంటనే శ్రుతి చేస్తే వృథా. ఉక్కు తీగలు చల్లబడి బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. 15, 20 నిమిషాలు ఆగాలి.

పెడల్ వరసలో డిస్టార్షన్ ముందు, డిలే (ప్రతిధ్వని) తర్వాత, రివెర్బ్ (పెద్ద హాలు గూంకారం) చివర. రివెర్బ్‌ను ముందు పెడితే దాని తోకంతా డిస్టార్షన్‌లో నలిగి ముద్దవుతుంది. కొందరు కావాలనే అలా చేస్తారు, కానీ మొదటి రోజే కాదు. నిమిషానికి 70 దెబ్బల పాటకు ముప్పావు దెబ్బ డిలే కావాలంటే 643 మిల్లీసెకన్లు. గెయిన్ (డిస్టార్షన్ మోతాదు) అనుకున్నదాని కన్నా తక్కువే పెట్టాలి: ఒక గిటార్‌కు సరిపోయిన గెయిన్ మూడు గిటార్లకు బురద. ఇంట్లో ఒంటరిగా వాయించేటప్పుడు మధ్యస్థాయి నాబ్ తగ్గిస్తే పెద్దగా వినిపిస్తుంది, డ్రమ్స్ రాగానే ఆ గిటార్ గాలిలో కలిసిపోతుంది.

అన్నిటికన్నా ఎక్కువ చెడగొట్టేది నాయిస్ గేట్, అంటే ధ్వని ఒక హద్దు కిందికి దిగగానే మూసేసే పెడల్. వేగంగా వాయించే మెటల్‌లో అది వరం. స్వరానికీ స్వరానికీ మధ్య ఈలను కోసేస్తుంది. ఇక్కడ నిమిషానికి 65 దెబ్బల దగ్గర నాలుగు దెబ్బల స్వరం 3.7 సెకన్లు సాగి చల్లారుతుంది, వినాల్సింది ఆ చల్లారడమే. గేట్ దాన్ని తలుపు వేసినట్టు మధ్యలో తెంచుతుంది. వాడక తప్పకపోతే ఆ హద్దు అట్టడుగున, మూసుకోవడానికి పట్టే సమయం కనీసం 300 మిల్లీసెకన్ల పైన ఉండాలి.

గేట్ తీసేయగానే బయటపడేది కరెంటు గుర్రు. మన సరఫరా 50 హెర్ట్జ్. దాని రెట్టింపు 100 కూడా యాంప్లిఫయర్‌లోంచి వస్తుంది. బాస్ మీద జి స్వరం 49, గిటార్ మీద జి 98. ఆ స్వరాలు పట్టుకున్నప్పుడల్లా గుర్రుతో కలిసి సెకనుకు ఒకటి, రెండు సార్లు ఊగుతుంది. శ్రుతి తప్పిందనుకుని మళ్లీ మళ్లీ తిప్పేవాళ్లున్నారు. తప్పు ప్లగ్గులో ఉంటుంది. పాత ఇళ్లను మార్చి కట్టిన గదుల్లో సరైన ఎర్త్ ఉండదు. అందరి యాంప్లిఫయర్లూ ఒకే బోర్డు నుంచి తీసుకోవడం, ఒక్కో పెడల్‌కు విడివిడిగా కరెంటిచ్చే సప్లై వాడటం, ఎర్త్ సరిచేయమని గది యజమానిని అడగడం దారి. ఎర్త్ పిన్ను విరిచేస్తే గుర్రు పోవచ్చు, షాక్ కొట్టి ప్రాణం కూడా పోవచ్చు.

సమయం సంగతీ చూసుకోవాలి. నివాస ప్రాంతాల్లో ధ్వని హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా 45. గోడకు అంటించిన నురుగు పలకలు తాళాల చిటపటను తగ్గిస్తాయి తప్ప 31 హెర్ట్జ్‌ను ఆపలేవు. ఆ అల పొడవు 11 మీటర్లు, పలక మందం రెండంగుళాలు. మంద్రం గోడను, స్లాబును పట్టుకుని పై అంతస్తుకు పోతుంది. బాస్ క్యాబినెట్ కింద మందపాటి రబ్బరు ముక్కలు పెడితే స్లాబులోకి దిగే వణుకు కొంత తగ్గుతుంది. గాలిలో పోయేది అలాగే ఉంటుంది.

సాధన అయ్యాక ఫోన్‌లో రికార్డు చేసి వింటే చాలా బ్యాండ్లకు నీరసం వస్తుంది: మెత్తటి భాగం, మోత భాగం ఒకే ఎత్తున వినబడతాయి. నేరం వాయించినవారిదే అనుకోనక్కర్లేదు. ఫోన్ రికార్డర్ మెత్తటిదాన్ని తనంతట పైకి లాగి, మోతను తనంతట అణుస్తుంది. రికార్డింగ్ స్థాయిని చేత్తో పెట్టుకునే వీలున్న యాప్ వేసుకుని, అతి పెద్ద మోతకు మీటర్ ఎర్రగీతకు కాస్త కింద ఆగేలా చూసుకుని, ఫోన్‌ను డ్రమ్స్‌కు దూరంగా తలుపు దగ్గర పెట్టి మళ్లీ రికార్డు చేయాలి. అప్పుడు కూడా రెండు భాగాలూ ఒకే ఎత్తున వినిపిస్తే తగ్గించాల్సింది మెత్తటి భాగం. డ్రమ్మర్‌ను కర్రలు పక్కన పెట్టి బ్రష్షులు పట్టుకోమనడం దగ్గర మొదలుపెట్టవచ్చు.